ఫారిన్ రెడ్ వైన్ ఇంటికొచ్చాక బాగాలేదా? ముందు వేడిని అనుమానించండి

దుబాయ్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చే కొడుకో అల్లుడో రెండు సీసాల రెడ్ వైన్ తేవడం నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో ఇప్పుడు కొత్తేం కాదు. డ్యూటీ కట్టకుండా ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. అక్కడ అంత బాగున్న వైన్ ఇక్కడ తెరిస్తే ఏదోలా ఉందంటారు. చాలాసార్లు తప్పు వైన్‌ది కాదు, మన ఎండది.

సమస్య: గొంతులో మంట, ముక్కుకు స్పిరిట్ వాసన

వైన్ మరీ వెచ్చగా ఉందన్నమాట. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట యూరప్‌లోని చలి ఇళ్లలో పుట్టింది. అక్కడి లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన హాల్లో ఫ్యాన్ కింద కూడా 35 దాటుతుంది. అంత వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముందుగా ముక్కుకు తగిలి, పండు వాసనను మింగేస్తుంది.

తెరిచే ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. టైం లేకపోతే బకెట్‌లో ఐస్, నీళ్లు కలిపి సీసాను మెడదాకా 15 నిమిషాలు ముంచండి. ఉత్త ఐస్ అయితే సీసాకు అక్కడక్కడే తగులుతుంది, నీళ్లుంటే చుట్టూ చల్లబడుతుంది. కుండ నీళ్లకంటే కాస్త చల్లగా ఉంటే సరిపోతుంది. గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకుని, సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేయండి. గ్లాసులో మాత్రం ఐస్ వేయొద్దు, రుచి పలచబడుతుంది.

సమస్య: ఉడికిన పండ్ల రుచి, పైకి తన్నుకొచ్చిన కార్క్, సీసా మెడ మీద జిగురు చార

ఇది అన్నిటికంటే బాధ కలిగించేది, ఎందుకంటే ఆ సీసాను ఇక బాగుచేయలేం. శంషాబాద్ నుంచి వస్తూ షాద్‌నగర్‌లోనో జడ్చర్లలోనో భోజనానికి ఆగి, కారును ఎండలో వదిలేస్తాం. డిక్కీలో వైన్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, కార్క్‌ను పైకి నెడుతుంది. చల్లారాక ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. అలాంటి వైన్‌ను మటన్ వండేటప్పుడు వాడుకోవచ్చు.

ఈసారి సీసాలను బట్టల్లో చుట్టి, ఏసీ తగిలేలా సీట్ల దగ్గర పెట్టండి, ఆగినప్పుడు వెంట తీసుకెళ్లండి. ఇంట్లో సజ్జ మీద అసలు పెట్టొద్దు, స్లాబ్ వేడంతా అక్కడే ఉంటుంది. షాబాద్ బండలు పరిచిన చీకటి గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి. కార్క్ సీసా అయితే పడుకోబెట్టాలి, లేకపోతే కార్క్ ఎండిపోతుంది. ఎండాకాలమంతా దాచాలంటే ఫ్రిజ్ కింద కూరగాయల డబ్బానే నయం. హైదరాబాద్‌లో కొంటే, షోకేసులో లైట్ కింద నిలబెట్టినది కాకుండా ఏసీ గదిలోని సీసా అడగండి.

సమస్య: తడిసిన అట్టపెట్టె వాసన

కార్క్‌లో పుట్టే టీసీఏ అనే పదార్థం వల్ల. ఆరోగ్యానికి హాని లేదు, కానీ ఆ వాసన పోదు. తిప్పి తీసే మూత ఉన్న సీసాల్లో ఈ బెడద చాలా అరుదు.

సమస్య: అడుగున గాజు పెంకుల్లాంటి పలుకులు

భయపడొద్దు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలు. మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. సీసాను ఒకరోజు నిలబెట్టి, మెల్లగా వంచండి.

సమస్య: కూరతో తాగితే నోరు ఎండిపోయి, కారం రెట్టింపు

కాబెర్నే సావిన్యోన్ లాంటి వైన్‌లో టానిన్ ఎక్కువ, వగరు పట్టేస్తుంది. ఆల్కహాల్ తోడైతే నాటుకోడి కూర ఘాటు ఇంకా మండుతుంది. కారం వంటలకు పీనో నువార్, మెర్లో లాంటి మెత్తటివి తెప్పించుకోండి, కాస్త ఎక్కువ చల్లబరచండి. పుంటికూర మటన్‌కు పులుపున్న వైన్ కావాలి, ఇటలీ కియాంటీ బాగా కుదురుతుంది. కాబెర్నేనే ఉంటే, కారం తగ్గించి నిప్పుల మీద కాల్చిన మటన్ ముక్కలు చేయండి. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ ఆ వగరును లాగేస్తాయి.

సమస్య: పెళ్లిరోజు కోసం ఏళ్ల తరబడి దాచింది చప్పగా, గోధుమ రంగులో ఉంది

పాతబడేకొద్దీ మెరుగయ్యే వైన్‌లు కొన్నే. మామూలు ధర సీసాలు రెండు మూడేళ్లలో తాగడానికి చేసినవి. మన వేడిలో అంతకాలం కూడా ఆగవు. పిల్లలు తెచ్చినప్పుడే, వాళ్లు ఇంట్లో ఉండగానే తెరవండి.

సమస్య: మిగిలింది రెండో రోజుకే పుల్లబడింది

గాలి తగిలి బ్యాక్టీరియా దాన్ని వెనిగర్ దారి పట్టిస్తుంది. మిగిలినదాన్ని వెంటనే చిన్న సీసాలోకి అంచుదాకా వంచి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది.