బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక ఎలా చదవాలి?

చుట్టాల్లో ఎవరికి బయాప్సీ (ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు వచ్చినా ముందు నాకే ఫోటో పంపిస్తారు. నేను డాక్టర్ని కాదు, చూసీ చూసీ అలవాటైపోయిందంతే. అందరూ ఒకే చోట బోల్తా పడుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

స్టెప్ 1: రిపోర్టు ప్రింటు, ఒక పెన్సిలు. ఫోన్లో జూమ్ చేసుకుంటూ చదవడం అసలొద్దు. పేరు, వయసు, కుడి వైపా ఎడమ వైపా అన్నది సరిచూసుకోండి.

స్టెప్ 2: ముక్క సైజు, రంగు గురించి ఉండే పేరా వదిలేసి డయాగ్నోసిస్ లేదా ఇంప్రెషన్ అన్న చోటికి వెళ్లండి. బినైన్ అంటే క్యాన్సర్ కాదు, మాలిగ్నెంట్ అంటే క్యాన్సర్. ఎటిపికల్, సస్పీషియస్ అని ఉంటే ఇంకా తేలలేదని, అక్కడ మన తీర్పులొద్దు.

స్టెప్ 3: రకం. కార్సినోమా అంటే చర్మంలోనో అవయవాల లోపలి పొరల్లోనో పుట్టినది, ఎక్కువమందికి వచ్చేవి ఇవే. సార్కోమా ఎముక, కండరం, కొవ్వు లాంటి వాటిల్లో. లుకేమియా రక్తం తయారయ్యే మజ్జలో, లింఫోమా రోగాలతో పోరాడే లింఫ్ వ్యవస్థలో, మైలోమా ప్లాస్మా కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల్లో, మెలనోమా చర్మానికి రంగునిచ్చే కణాల్లో. చివర్లో ఓమా ఉన్నదల్లా క్యాన్సర్ కాదండోయ్, లైపోమా మామూలు కొవ్వు గడ్డ.

స్టెప్ 4: గ్రేడ్. ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. రిపోర్టులో గ్రేడ్ 3 అని కనపడగానే "మూడో స్టేజంట" అని ఊరంతా ఫోన్లు చేసేస్తారు, సాయంత్రానికల్లా పరామర్శలు మొదలు, ఆ మనిషేమో సగం చచ్చిపోతాడు.

గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. మైక్రోస్కోప్ కింద ఆ కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది గ్రేడ్, అంకె పెరిగేకొద్దీ తొందరగా పెరిగే గుణం ఎక్కువ. ఒంట్లో ఎంతవరకు పాకిందో చెప్పేది స్టేజ్. గడ్డ చిన్నగా ఉండి ఎక్కడికీ పాకకపోతే గ్రేడ్ 3 ఉన్నా స్టేజ్ 1 అవ్వొచ్చు.

పైగా చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీతో స్టేజ్ మామూలుగా తేలదు, స్కాన్లు కావాలి, ఒక్కోసారి ఆపరేషన్ అయ్యేదాకా ఆగాలి. అప్పుడు టి, ఎన్, ఎం అని రాస్తారు: గడ్డ ఎంతుంది, లింఫ్ గ్రంథుల్లోకి వెళ్లిందా, దూరపు అవయవాలకి పాకిందా అని. లుకేమియాకి ఈ లెక్క వాడరు.

ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) రిపోర్టులో గ్రేడ్‌ని గ్లీసన్ స్కోరుగా రాస్తారు, అందులో 6 చూసి పదికి ఆరా అని హడలిపోతారు, నిజానికి ఈ రోజుల్లో క్యాన్సర్ అని తేల్చిన బయాప్సీలకి ఇచ్చే స్కోరు మొదలయ్యేదే 6 నుంచి. ఒక్కో మాటా గూగుల్లో కొట్టి చూసుకునేవాళ్లకి ఇలాంటివి తెలియవు, వాళ్లకి దొరికేదల్లా భయమే, నా పద్ధతిలో అయితే తెలియని మాటకి పెన్సిల్‌తో సున్నా చుట్టి డాక్టర్ని అడుగుతాం.

స్టెప్ 5: పాజిటివ్, నెగెటివ్. మార్జిన్ నెగెటివ్ అంటే కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు కనపడలేదని, మంచిదే. రొమ్ము క్యాన్సర్లో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్) పాజిటివ్ వస్తే కంగారెందుకు, హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉందని అర్థం.

స్టెప్ 6: డాక్టర్ దగ్గరికెళ్లే ముందు కాగితం వెనక రాసుకోండి: ఇది మొదట ఎక్కడ పుట్టింది, స్టేజ్ ఎప్పుడు తెలుస్తుంది, ఇంకా ఏ టెస్టులున్నాయి. మొదటిది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే రొమ్ములో పుట్టి లివర్‌కి పాకినదాన్ని రొమ్ము క్యాన్సర్ అనే అంటారు, మందులూ దాని ప్రకారమే ఇస్తారు.