తోక తేలికైతేనే విమానం తేలుతుంది: ఓరుగల్లు ఎండలో, ముసురులో బాల్సా మోడల్

రబ్బరు మెలితో ఎగిరే పీ-30 తరగతి మోడల్ విమానానికి కొలతలు ఖాయం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 30 అంగుళాలు, పొడవు కూడా 30 అంగుళాలు దాటొద్దు. రబ్బరు 10 గ్రాములకు మించొద్దు. రబ్బరు తీసేసి తూస్తే కనీసం 40 గ్రాములు తూగాలి. మొదటిసారి కట్టేవాళ్లు ఈ 40 దాటి చాలా దూరం పోతారు, అందులో పెద్ద తప్పు తోకదే. మోడల్ తూగి నిలిచే చోటు నుంచి తోక 45 సెం.మీ., ముక్కు 22 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. తోకలో ఒక్క గ్రాము పెరిగితే దాన్ని తూచడానికి ముక్కులో 2 గ్రాముల బంకమట్టి అతికించాలి. అంటే మొత్తం 3 గ్రాముల దండుగ. అందుకే పని తోక నుంచే మొదలుపెట్టండి, మంచి చెక్కంతా దానికే ఇవ్వండి. కాగితం అతికించాక కూడా తోక రెక్క 2 గ్రాముల దగ్గరే ఆగాలి.

బాల్సా అనే తేలికపాటి చెక్క షీట్ చేతికి రాగానే బంగారం తూచే చిన్న డిజిటల్ కాంటా మీద పెట్టండి. 1.6 మి.మీ. మందం, 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవున్న షీట్ 11 గ్రాములు తూగితే అది తోకకు, రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపుల్లలు). 14 నుంచి 16 ఉంటే స్పార్లకు (రెక్క పొడవునా సాగే పుల్లలు), బాడీ నిలువు పుల్లలకు. 20 దాటినదాన్ని ముక్కు దగ్గర వాడుకోవచ్చు. బరువొక్కటే చాలదు, వెలుతురులో వంచి చూడండి. పైన చేప పొలుసుల్లా మెరిసే మచ్చలుండి, అడ్డంగా వంచితే మొండికేసేది రిబ్బులకు శ్రేష్ఠం. గొట్టంలా చుట్టాల్సిన చోట మాత్రం అది పగిలిపోతుంది. బాడీకి రెండు పక్కల పుల్లలూ ఒకే షీట్‌లో పక్కపక్కన కోసినవే కావాలి. ఒకటి మెత్తన, ఒకటి గట్టిగా ఉంటే బాడీ అరటికాయలా వంగుతుంది.

షేవింగ్ బ్లేడును సగానికి విరిచి వాడండి. ఒక్క దెబ్బకు తెగాలని నొక్కితే మెత్తని చెక్క నలుగుతుంది. రెండు మూడుసార్లు తేలిగ్గా గీయండి. పుల్లను బోర్డు మీద నిలిపేటప్పుడు గుండుసూదులు దానిలో గుచ్చకుండా ఇరువైపులా ఆనించండి. ఫెవికాల్ రెండు పాళ్లకు నీళ్లు ఒక పాలు కలిపి, కోసిన కొసకు ముందు పలచగా రాసి ఆరనివ్వండి. కొస దాన్ని పీల్చుకుంటుంది. తర్వాత టూత్‌పిక్‌తో ఇంకో చుక్క పెట్టి అతికించండి. సందు ఉంటే జిగురుతో పూడ్చొద్దు, పుల్ల మళ్లీ కోయండి. ఫెవిక్విక్ గడ్డకట్టిన చోట సాండ్‌పేపర్ జిగురును వదిలేసి పక్కన చెక్కను తినేస్తుంది.

చట్రం మీద అతికించే పలచని కాగితం, అంటే టిష్యూ, ఏ దిక్కున చించితే నిటారుగా చిరుగుతుందో ఆ దిక్కు రెక్క పొడవునా రావాలి. గాలిపటాల కాగితం వాడదలిస్తే ముందు చిన్న చట్రానికి అతికించి తడిపి చూడండి, ఆరాక బిగుసుకోకపోతే వద్దు. తోకకు మాత్రం టిష్యూను ముందే వేరే చట్రం మీద తడిపి ఆరబెట్టి, ఆ తర్వాతే అతికించండి. లేకపోతే సన్నని పుల్లల్ని అది లాగి మెలిపెడుతుంది. రెక్కకు నీళ్లు చిమ్మాక కింద చిన్న ముక్కలు పెట్టి, గాలాడేలా బోర్డు మీద బిగించి రాత్రంతా ఉంచండి.

ఇక్కడి వాతావరణంతోనే అసలు చిక్కు. రోహిణి కార్తెలో చిమ్మిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి, రెండు రిబ్బుల మధ్య ఒక గదిలో కాగితం బిగిసి పక్క గదిలో వదులుగానే ఉంటుంది. అప్పుడు పొద్దున్నే ఫ్యాన్ ఆపి చేయండి. ముసురులో బిగించిన కాగితం ఎండాకాలానికి ఇంకా బిగిసి రెక్కను తిప్పేస్తుంది. తేమ గాలిలో డోప్ (కాగితాన్ని బిగించే వార్నిష్ లాంటి పూత) పూస్తే తెల్లటి పొర కమ్ముతుంది, ఎందుకంటే థిన్నర్ ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ నీరవుతుంది. తెరిపి ఇచ్చిన మధ్యాహ్నమే పూయండి. డోప్‌లో సమానంగా థిన్నర్, రెండు చుక్కల ఆముదం కలపండి. ఆముదం వల్ల అది అతిగా బిగియదు. రెక్కకు రెండు పూతలు, తోకకు ఒక్కటే. అయినా మెలి వస్తే కెటిల్ ఆవిరి మీద ఎదురు దిక్కుకు కాస్త ఎక్కువే తిప్పి, చల్లారేదాకా పట్టుకోండి.

కుడికి చుట్టు తిరిగే మోడల్‌కు కుడి రెక్క లోపలి భాగం వెనక అంచు 2 మి.మీ. కిందికి ఉండాలి. వెనక నుంచి చూస్తే తోక రెక్క కుడి కొస కొంచెం ఎత్తుగా ఉంటే, రబ్బరు అయిపోయాక దిగేటప్పుడూ కుడికే తిరుగుతుంది.

పైకి లేచే వేడిగాలి పట్టుకుంటే మోడల్ దానితోపాటే పోయి కనుమరుగవుతుంది. అందుకే కొంతసేపటికి తోక రెక్క వెనక అంచు 45 డిగ్రీలు పైకి లేచి, మోడల్‌ను కిందికి దించే ఏర్పాటు ఉండాలి. దానికి వత్తి ముట్టించే పాత పద్ధతి వరికొయ్యల్లో, ఎండిన పత్తిచేలలో వద్దే వద్దు, నిప్పురవ్వ రాలితే చేను పోతుంది. చిక్కని ద్రవంతో మెల్లగా తిరిగే టైమర్ వాడండి. దాన్ని తోకలో కాకుండా రెక్క కింద బిగించి, అక్కడి నుంచి సన్నని దారం తోకకు లాగండి.