తప్పెట శబ్దం మాడ్యూల్‌ను సోర్స్ ఇవ్వకుండా అమ్మాలంటే

ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల మోతను ప్యూర్ డేటాలో (తెర మీద పెట్టెలను గీతలతో కలిపి శబ్దాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పలికించే మాడ్యూల్ రాశారనుకుందాం. ప్యూర్ డేటాది బీఎస్‌డీ లైసెన్సు. సోర్స్ కోడ్ దాచి అమ్ముకోవచ్చు, దాని కోడ్ వాడుకున్నచోట కాపీరైట్ నోటీసు జతచేస్తే చాలు. చిక్కంతా మీరు కలిపే లైబ్రరీలతోనే. శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ఆ లైసెన్సుతో దాన్ని లింక్ చేసి అమ్మితే సోర్స్ కూడా ఇవ్వాల్సిందే. బదులుగా బీఎస్‌డీ లైసెన్సున్న కిస్ ఎఫ్ఎఫ్‌టీ వాడండి.

విండోస్, మ్యాక్, లైనక్స్‌లకు విడివిడిగా బిల్డ్ చేయాలి. లైనక్స్ బిల్డ్ పాత వెర్షన్‌లో చేయండి. కొత్తదాంట్లో చేస్తే కొనుక్కున్నవాళ్ల పాత మెషీన్లో కావాల్సిన జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములకు ఆధారమైన సీ లైబ్రరీ) వెర్షన్ లేదని మొరాయిస్తుంది. లోపలి ఫంక్షన్ల పేర్లు దాచేటప్పుడు మాడ్యూల్‌ను లోడ్ చేసేటప్పుడు ప్యూర్ డేటా పిలిచే సెటప్ ఫంక్షన్‌ను మాత్రం బయటే ఉంచండి. అదీ దాస్తే మాడ్యూల్ లోడ్ కాక, తెర మీద దాని ఆబ్జెక్ట్ పెట్టె చుట్టూ చుక్కల గీతలే మిగులుతాయి.

వాడేది కొన్నవాళ్లేనా అని చూసే లైసెన్సు తనిఖీ ఆబ్జెక్ట్ పుట్టినప్పుడు ఒక్కసారే జరగాలి. శబ్దం లెక్కించే ఫంక్షన్లో పెడితే కొంప మునిగినట్టే: 44,100 హెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ల బ్లాకుకు దొరికేది సుమారు 1.45 మిల్లీసెకన్లు. ఆలోగా ఫైలు చదవబోతే టక్కుటక్కుమంటుంది. తనిఖీ ఇంటర్నెట్‌తో వద్దు, కీ ఫైలు ఇవ్వండి. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఆ జనంలో స్టేజీ మీదున్న మనిషి సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరగలేడు కదా!

జిప్‌లో వాడకం చూపే హెల్ప్ ప్యాచ్ కూడా పెట్టండి.