వీధి కుర్రాళ్ల ఆశ్రయ గృహం: బరంపురం చుట్టుపక్కల నడిపేవాళ్లకు

ఒడిశాలోని బరంపురం స్టేషన్‌లో సీసాలు ఏరుకునే కుర్రాడు మీ దగ్గరికి వచ్చేసరికే ఎలా పారిపోవాలో నేర్చుకుని ఉంటాడు. గోడ ఎత్తు పెంచితే ఆగుతాడనుకుంటే పొరపాటు. వాడు ఉండేదీ లేనిదీ మొదటి రాత్రి తేలుతుంది. ఈ రాసిందంతా ఎక్కువగా ఆ రాత్రి గురించీ, దాని ముందూ వెనకా ఉండే పనుల గురించీ.

ముందు కాగితం. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క పిల్లాణ్ణి కూడా ఉంచకూడదు. ఉంచితే 42వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు ఇస్తారు, ఆ తర్వాత రెన్యూవల్. దరఖాస్తుకు ముందే ఒక సంగతి తేల్చుకోండి: మీరు పెట్టేది ఓపెన్ షెల్టరా, బాలల గృహమా? ఓపెన్ షెల్టర్ 43వ సెక్షన్ కిందకి వస్తుంది. కొద్దికాలం తలదాచుకోవడానికి, పగలు వచ్చి తిని, స్నానం చేసి, చదువుకుని పోయే పిల్లలకూ పనికొస్తుంది. బాలల గృహం 50వ సెక్షన్ కింద, ఎక్కువకాలం ఉండేవాళ్ల కోసం. స్టేషన్ కుర్రాళ్లతో మొదలుపెట్టేవాళ్లు ఓపెన్ షెల్టర్ పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. పొద్దున లేచి ప్లాట్‌ఫామ్ మీదికి పోయిన కుర్రాడు రాత్రికి తిరిగి రాగలిగితే అది ఓడిపోవడం కాదు. బాలల గృహంలో అదే పని 'తప్పిపోయాడు' అని పోలీసులకు, బాలల సంక్షేమ సమితికి (ఇలాంటి పిల్లల సంగతి తేల్చే జిల్లా సమితి) వెంటనే రాతపూర్వకంగా చెప్పాల్సిన సంగతి అవుతుంది.

స్థలం లెక్క ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నిబంధనల్లో ఉంది. 50 మందికైతే 25 మంది చొప్పున రెండు పడక హాళ్లు, ఒక్కోటి 1000 చదరపు అడుగులు, అంటే తలకు 40. పది మంది పట్టే జబ్బు గది 750 చదరపు అడుగులు. మరుగుదొడ్లు 8, స్నానాల గదులు 5. అద్దె ఇల్లు చూసేటప్పుడు ఎక్కువమంది హాళ్లు కొలుచుకుని సంతోషపడి, మరుగుదొడ్లు మూడే ఉన్నాయని తర్వాత గుర్తిస్తారు. అప్పుడు పొద్దున 6 గంటలకు మొదలయ్యే వరుస బడి టైముకి కూడా తరగదు. తోసుకోవడం, కొట్టుకోవడం ఆ వరుసలోనే పుడతాయి. ముందు నీళ్ల ట్యాంకు, దొడ్లు చూడండి. హాలు తర్వాత.

ఇక కుర్రాడి దగ్గరికి. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినవాళ్లో, మీ సిబ్బందో తెచ్చినా, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ప్రయాణ సమయం ఇందులో కలవదు. హాజరుపరిచేటప్పుడు ఇచ్చే నివేదిక ఫారం 17. ఆ రోజు సమితి కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా చూపించవచ్చు. ఆదివారం కదా, సోమవారం చూద్దాంలే అనుకోవద్దు. ఆ ఒక్క రోజు ఆలస్యమే పిల్లాణ్ణి 'అక్రమంగా ఉంచారు' అన్న మాటకు దారి తీస్తుంది.

స్టేషన్‌లో పట్టుకునేటప్పుడు ఒకటి ప్రాణం మీదికి వచ్చే సంగతి. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి గుడ్డలోనో కవరులోనో పోసి పీలుస్తున్న కుర్రాణ్ణి ఎప్పుడూ తరమకండి. ఆ ఆవిరి గుండెను ఎంత సున్నితం చేస్తుందంటే, భయంతో ఒక్కసారి పరుగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే పోవచ్చు. ఎదురుగా కూర్చోండి, పేరు అడక్కండి, టీ ఇప్పించండి. కవరు వాడంతట వాడు కింద పెట్టేదాకా ఆగండి. ఫోటో అసలే తీయకండి. పిల్లాడి గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 'మా గృహానికి కొత్త బాబు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టే వలంటీరుకు ఇది మొదటి రోజే చెప్పాలి.

గేటు దాటాక మొదటి రెండు గంటలు. వాడి మూట విప్పి పారేయవద్దు. చినిగిన చొక్కా, సిగరెట్ పెట్టెలో దాచిన చిల్లర, ఎవరిదో ఫోటో: అవన్నీ వాడి ఇల్లే. వాడి ఎదుటే డబ్బు లెక్కపెట్టి, రాసి, వాడికి చదివి వినిపించి, మూటకు నంబరు చీటీ కట్టి అలమరాలో పెట్టండి. ఆ చీటీ రెండో ముక్క వాడి చేతిలో ఉండాలి. చొక్కా ఉతికినా తిరిగి అదే మూటలో పెట్టాలి. జుట్టు అదే రోజు కత్తిరించొద్దు. పేలుంటే మందు రాయండి. గుండు కొట్టించడం పోలీస్ స్టేషన్‌లో జరిగిన అవమానాన్ని గుర్తుచేస్తుంది.

స్నానం తర్వాత, 24 గంటలు దాటకుండా వైద్య పరీక్ష. కాళ్ల కింద గాజు కోతలుంటాయి, టెటనస్ టీకా సంగతి డాక్టరును అడగండి. చేతి వేళ్ల సందుల్లో, నడుము దగ్గర రాత్రిపూట ఎక్కువయ్యే దురద అంటే గజ్జి అనుకోవచ్చు. డాక్టరు తేల్చాక 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాలిదాకా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఒక్కడికే రాస్తే తగ్గదు. అదే హాల్లో పడుకునే అందరికీ ఒకే రోజు రాయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. గృహాల్లో గజ్జి ఏళ్ల తరబడి పోనిది ఈ ఒక్క మాట పట్టించుకోకే. రాయగడ, కొరాపుట్ వైపు నుంచి వచ్చినవాడికి జ్వరం ఉంటే మలేరియా పరీక్ష అదే పూట. గిరిజన పిల్లలకు సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు, కీళ్లూ ఎముకలూ నొప్పెడతాయి) పరీక్ష కూడా చేయించండి. తరచూ కీళ్ల నొప్పులని ఏడిచే పిల్లాణ్ణి 'బడి ఎగ్గొట్టే నాటకం' అని కొట్టే వార్డెన్లు ఉన్నారు.

సొల్యూషన్ మానేసిన మొదటి కొన్ని రోజులు చిరాకు, తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, నిద్రపట్టకపోవడం మామూలు. నిద్ర మాత్రలు మీ చేత్తో ఇవ్వకండి. బరంపురంలో ఎంకేసీజీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చిన పెద్దలపై 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు ఉంది. ఏ దుకాణంలో కొన్నాడో వాడు నిలదొక్కుకున్నాక అడగాలి. మొదటి రోజు కాదు.

ఆ రాత్రి వాణ్ణి పెద్ద హాల్లోకి పంపొద్దు. వార్డెన్ పడుకునే వరండా పక్కనే చాప వేయండి, తలుపు కనిపించేలా. ప్లాట్‌ఫామ్ మీద రైళ్ల చప్పుడులో, వెలుగులో పడుకున్నవాడికి చీకటీ నిశ్శబ్దమే భయం. చిన్న బల్బు వెలగనివ్వండి. స్టేషన్‌లో వాడి మీద పెత్తనం చేసిన పెద్ద కుర్రాడు మీ దగ్గరే ఉంటే ఇద్దరినీ ఒక గదిలో ఉంచకండి. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఎప్పుడూ విడివిడిగానే పడుకోవాలి. పొద్దున పక్క తడిసి ఉంటే, మిగతావాళ్లు లేవకముందే రబ్బరు షీటు కడిగి ఆరేయడం వార్డెన్ పని. వాడి చేత కడిగించడం కాదు.

తిండి. నిబంధనల లెక్కలో ఒక్కొక్కడికి రోజుకు 600 గ్రాముల ధాన్యం (16 దాటినవాళ్లకు 700), అందులో 100 గ్రాములు గోధుమ, రాగి లేదా జొన్న. పప్పు 120, నూనె 25, ఆకుకూర 100, ఇతర కూరలు 130 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు. 50 మందికి రోజూ 30 కిలోల ధాన్యం, 6 కిలోల పప్పు, ఒకటింబావు కిలో నూనె. గుడ్లు వారంలో నాలుగు రోజులు పెడితే 200. ఇది లెక్క. లెక్కకు అందనిది, కొత్త కుర్రాడు మొదటి పది రోజులు అన్నం దాచుకుంటాడు. దిండు కింద, కిటికీ గూట్లో ముద్దలు, రొట్టెలు బూజు పడుతుంటాయి, వాటికి ఎలుకలు వస్తాయి. తిట్టకండి. హాల్లో మూతలేని డబ్బా పెట్టి మరమరాలు, వేయించిన శనగలు ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఎవరినీ అడక్కుండా తినొచ్చని నమ్మకం కుదిరాక దాచుకోవడం దానంతట అదే ఆగిపోతుంది. పొద్దున తరవాణి అన్నం పెడితే గొడవ లేకుండా తింటారు, ఒడియా పిల్లలకు అది పఖాళ, మనవాళ్లకు చద్దన్నం.

పుట్టినరోజుకు బిర్యానీ తెచ్చి, పిల్లల మధ్య నిలబడి ఫోటో దిగే దాతలు ఉంటారు. నూనె తిండి అలవాటు లేని పొట్టలు మర్నాడు దొడ్ల దగ్గర వరుస కడతాయి, ఆ ఫోటో మళ్లీ 74వ సెక్షనే. 'బియ్యం, సబ్బులు, లోదుస్తులు తెండి, వంట మేం చేస్తాం' అని నవ్వుతూ చెప్పేవాడొకడు గేటు దగ్గర ఉండాలి.

ఊరి పేరు అడిగితే అబద్ధమే చెప్తాడు. ఆ అబద్ధం పట్టుకుని వెతికితే నెల పోతుంది. ఇలా అడగండి: మీ ఊరి సంత ఏ రోజు? బస్సుకు ఎంత తీసుకునేవాడు? ఏరు దాటాలా? బళ్లో మాస్టారు ఏ భాషలో చెప్పేవాడు? రైలు ఏ స్టేషన్‌లో ఎక్కావు? సంత రోజు ఒక్కటి సరిగ్గా చెప్తే మండలం సగం దొరికినట్టే. అమ్మను 'బోఉ' అంటే ఒడియా ఇల్లు, 'అమ్మ' అంటే ఇచ్ఛాపురం, సోంపేట వైపు వెతకండి. ఒడియా, తెలుగు రెండూ తడబడితే సవర, కుయి అనే గిరిజన భాషలు మాట్లాడే మనిషిని పిలిపించండి. సరిహద్దు గృహాల్లో మొదటి తప్పు ఇదే: పరలాఖెముండి దగ్గర కొండల నుంచి వచ్చిన సవర పిల్లాణ్ణి 'ఒడియా' అని రాసేస్తారు, వాడు నెల రోజులు మూగవాడిలా కూర్చుంటాడు. గంజాం జిల్లా పిల్లాడైతే తండ్రి సూరత్ మగ్గాల్లో ఉన్నాడేమో అడగండి. ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది.

వయసుకు ముందు బడి కాగితం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఈ వరుస 94వ సెక్షన్‌ది, తలకిందులు చేయొద్దు. సామాజిక పరిశోధన నివేదిక (పిల్లాడి ఇల్లూ పరిస్థితులూ విచారించి రాసేది) 15 రోజుల్లో, ఫారం 22లో ఇవ్వాలి. ఒక్కో పిల్లాడికి సంరక్షణ ప్రణాళిక ఫారం 7లో. విద్యా హక్కు చట్టం ప్రకారం కాగితం లేదని బడి చేర్చుకోనంటే కుదరదు. కానీ తెలుగు మీడియం చదివిన పిల్లాణ్ణి ఒడియా బళ్లో వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టేముందు మూడు నాలుగు నెలలు విడిగా అక్షరాలు దిద్దించండి. లేకపోతే మొదటి వారంలోనే గోడ దూకుతాడు.

ఏ సిబ్బందీ ఒక్కడే ఒక పిల్లాడితో మూసిన గదిలో ఉండకూడదు. లైంగిక వేధింపు అనుమానం వచ్చినా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే, 'ముందు మేం విచారిస్తాం' అనడానికి లేదు. చెప్పకపోతే ఇన్‌చార్జికే ఏడాది వరకు జైలు. ఫిర్యాదు పెట్టె తాళం సిబ్బంది చేతిలో ఉంటే ఆ పెట్టె గోడకు అలంకారం మాత్రమే.

పిల్లాడిది ఆంధ్రా వైపు ఊరైతే, ఇచ్ఛాపురం పక్కనే కదా అని మీరే తీసుకెళ్లి వదిలేయకండి. బాలల న్యాయ చట్టం 95వ సెక్షన్ ప్రకారం ఇక్కడి సమితి ఆ జిల్లా సమితికి బదిలీ ఆర్డరు ఇవ్వాలి, ఎస్కార్టు ఆర్డరు అందిన 15 రోజుల్లో ప్రత్యేక బాలల పోలీసు విభాగం వాణ్ణి తీసుకెళ్లాలి. ఇల్లు తనిఖీ కాకముందు 'రేపు అమ్మ దగ్గరికి పోతావు' అనొద్దు. రేపు రాకపోతే వాడు మీ మాట మళ్లీ నమ్మడు. కొట్టే తండ్రి దగ్గరికి, అప్పులో మునిగిన ఇంటికి పంపితే వాడు అదే ప్లాట్‌ఫామ్‌కు తిరిగొస్తాడు. బీదరికమే కారణమైతే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4000 రూపాయలకు దరఖాస్తు పెట్టించి పంపండి. తొలి నెల రెండుసార్లు, తర్వాత మూడు నెలలకొకసారి వెళ్లి, ఇంట్లో వాడు పడుకునే చోటు ఏదో, బడి హాజరు ఎంతో కళ్లారా చూడండి.

పంపే రోజు బడి కాగితం, మందుల చీటీ, టీకా కార్డు వాడి చేతికే ఇవ్వండి. అలమరాలోంచి మూట తీసి, నంబరు చీటీలు రెండూ కలిపి చూసి, వాడి ఎదుటే చిల్లర లెక్కపెట్టి, ఉతికిన ఆ చినిగిన చొక్కాతో సహా అప్పగించండి.