జాతక చక్రం చదవడం నేర్చుకుందాం – 9: పక్కింటి శత్రువు, ఒకే ఇంటి మిత్రుడు

గత పాఠం చివర ఒక చక్రం ఇచ్చి, అందులో రవికీ శనికీ మధ్య సంబంధం ఎలాంటిదో రాసి ఉంచుకోమన్నాను. ‘శత్రువులు’ అని ఒక్క మాట రాసి ఉంటే ఆ కాగితం చింపివేయకండి, దగ్గరే పెట్టుకోండి. అది తప్పు జవాబు కాదు, సగం జవాబు. మిగిలిన సగం ఈ పాఠంలో పూర్తి చేద్దాం.

ఆ చక్రం నేను ఊహించి వేసింది కాదు. 2025 ఏప్రిల్ 14 సూర్యోదయాన ఆకాశంలో ఉన్న గ్రహస్థితి అది. ఆ రోజు రవి మేషంలో ప్రవేశించాడు. ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో మా వీధిలోని ఒడియా ఇళ్ళకు అది పణా సంక్రాంతి, కొత్త సంవత్సరం. మా తెలుగు ఇళ్ళలో విశ్వావసు ఉగాది మార్చి 30నే జరిగిపోయింది. మేము ఉగాది పచ్చడి పంచిన పదిహేను రోజులకు వారి ఇళ్ళ నుంచి మారేడు గుజ్జు కలిపిన పణా గ్లాసులు వచ్చాయి. మాకు ఏడాది చంద్రుడిని పట్టుకుని మొదలవుతుంది, వారికి సూర్యుడిని పట్టుకుని. కృష్ణాష్టమిని చూడండి. మన పంచాంగంలో అది శ్రావణ బహుళ అష్టమి. వారి పంజికలో అదే అష్టమి భాద్రపద మాసంలోకి వెళుతుంది. మనకు నెల అమావాస్యతో ముగిస్తే వారికి పున్నమితో ముగుస్తుంది కనుక పేరు మారింది, తిథి మారలేదు. సరిహద్దు జిల్లాల్లో ఉండి జ్యోతిషం నేర్చుకోవడం ఒక అదృష్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఒకే ఆకాశాన్ని రెండు సంప్రదాయాలు ఎలా చదువుతాయో గుమ్మం దిగగానే కనిపిస్తుంది.

ఇప్పుడు పలక మీద చక్రం వేసుకోండి. మేషంలో రవి. వృషభంలో గురువు. కర్కాటకంలో కుజుడు. కన్యలో కేతువు. తులలో చంద్రుడు. మీనంలో నలుగురు: బుధుడు, శుక్రుడు, శని, రాహువు. లగ్నం ఇప్పుడు అవసరం లేదు, వదిలేయండి.

మొదటి మెట్టు నైసర్గిక మైత్రి, అంటే పుట్టుకతో వచ్చిన స్నేహం, వైరం. ఈ పట్టికను చాలామంది బట్టీ పడతారు. బట్టీ పట్టవద్దు, పుట్టించడం నేర్చుకోండి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు దీనికి తనకు ముందటి జ్యోతిష ఆచార్యుడు సత్యాచార్యుడి సూత్రం చెప్పాడు. ఒక గ్రహం మూలత్రికోణ రాశి (ఉచ్చ తర్వాత దానికి ఎక్కువ బలమిచ్చే రాశి) నుంచి 2, 4, 5, 8, 9, 12 స్థానాల అధిపతులు (ఆ రాశులు సొంతమైన గ్రహాలు), దాని ఉచ్చ రాశి (అది అత్యధిక బలం పొందే రాశి) అధిపతి ఆ గ్రహానికి మిత్రులు. ఒక గ్రహానికి రెండు రాశులుంటే, రెండూ ఈ లెక్కలోకి వచ్చినప్పుడు మిత్రుడు, ఒక్కటే వస్తే సముడు (మిత్రుడూ కాదు, శత్రువూ కాదు), ఒక్కటీ రాకపోతే శత్రువు. రవి చంద్రులకు ఒక్కొక్క రాశే కాబట్టి అది వస్తే మిత్రత్వం, రాకపోతే శత్రుత్వం.

శనితో చేసి చూద్దాం. శని మూలత్రికోణం కుంభం, అదే ఒకటి. అక్కడి నుంచి రెండు మీనం, నాలుగు వృషభం, ఐదు మిథునం, ఎనిమిది కన్య, తొమ్మిది తుల, పన్నెండు మకరం. ఉచ్చ రాశి తుల. మిథునం, కన్య రెండూ వచ్చాయి, కాబట్టి బుధుడు మిత్రుడు. వృషభం, తుల రెండూ వచ్చాయి, శుక్రుడూ మిత్రుడే. గురువు రాశుల్లో మీనం వచ్చింది, ధనుస్సు రాలేదు. అందువల్ల గురువు సముడు. మేష వృశ్చికాలు రెండూ రాలేదు, కుజుడు శత్రువు. సింహం రాలేదు, కర్కాటకం రాలేదు. రవి, చంద్రుడు శత్రువులు. ఇదే పద్ధతిలో సింహం నుంచి రవికి మీరే లెక్క కట్టండి. చంద్రుడు, కుజుడు, గురువు మిత్రులుగా, బుధుడు సముడుగా, శుక్రుడు, శని శత్రువులుగా వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు.

రవి శనుల వైరం చక్రంలో ఎంత లోతుగా ఉందో మరొక గుర్తు చెబుతాను. రవికి మేషం పదో భాగలో (డిగ్రీలో) పరమోచ్చ, అంటే ఉచ్చకు శిఖరం. అదే మేషంలో శనికి నీచ, అంటే బలం అతి తక్కువ. శనికి తులలో ఉచ్చ, అదే తులలో రవికి నీచ. ఒకరు లేచే చోట మరొకరు కుంగుతారు. పురాణంలో వీరు తండ్రీ కొడుకులు. ‘శత్రువులు’ అని మీరు రాసిన మాటకు బలం ఇదంతా.

కాని శాస్త్రం ఇక్కడ ఆగలేదు. రెండో మెట్టు తాత్కాలిక మైత్రి. ఈ సూత్రం మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది, కాస్త నెమ్మదిగా చదవండి. ఒక గ్రహం ఉన్న చోటు నుంచి 2, 3, 4, 10, 11, 12 స్థానాల్లో ఉన్నవారు దానికి ఆ జాతకం వరకు మిత్రులు. 1, 5, 6, 7, 8, 9 స్థానాల్లో ఉన్నవారు శత్రువులు. చక్రం మీద వేలు పెట్టి చూస్తే దీని అర్థం తెలుస్తుంది. ముందున్న మూడు ఇళ్ళు, వెనకనున్న మూడు ఇళ్ళు: ఇరుగూ పొరుగూ. వారు మిత్రులు. దూరాన ఉన్నవారు శత్రువులు, సరే. కాని ఒకే ఇంట్లో ఉన్నవాడు కూడా శత్రువే! పుట్టుకతో ఎంత స్నేహితుడైనా సరే.

మొదటిసారి విన్నప్పుడు ఇది నాకు మింగుడుపడలేదు. బరంపురం పట్టు మగ్గాల ఇళ్ళను తలచుకున్నాక అర్థమైంది. తండ్రి మగ్గం మీద తాతల నాటి అంచు నేస్తాడు. కొడుక్కి కొత్త రంగులు కావాలి, ఫోనులో బొమ్మ పెట్టి దూరదేశానికి అమ్మాలని ఉంటుంది. ఇద్దరినీ ఒకే మగ్గం గుంటలో కూర్చోబెడితే రోజూ వాదన. కొడుకు పక్క వీధిలో దుకాణం తెరిస్తే నూలు అటు నుంచి వస్తుంది, చీర ఇటు నుంచి వెళుతుంది. మనుషులు మారలేదు, వారి మధ్య గోడ ఒకటి వచ్చింది. ఆ గోడనే ఈ సూత్రం లెక్కలోకి తీసుకుంటుంది.

మూడో మెట్టు ఈ రెండింటిని కలపడం. దీన్ని పంచధా మైత్రి అంటారు. సహజ మిత్రుడు తాత్కాలికంగానూ మిత్రుడైతే అధిమిత్రుడు. సహజ శత్రువు తాత్కాలికంగానూ శత్రువైతే అధిశత్రువు. ఒకటి మిత్రం, ఒకటి శత్రువు అయితే రెండూ చెల్లిపోయి సముడు. సహజంగా సముడైనవాడు తాత్కాలిక స్థితిని బట్టి మిత్రుడో శత్రువో అవుతాడు. అంతే.

ఇప్పుడు మీ కాగితం తీయండి. రవి మేషంలో, శని మీనంలో. రవికి శని పన్నెండోవాడు, శనికి రవి రెండోవాడు. రెండు వైపులా తాత్కాలిక మిత్రత్వం. సహజ శత్రుత్వంతో కలిపితే ఇద్దరూ ఒకరికొకరు సములు. ‘శత్రువులు’ అన్న మాటను ఇప్పుడు దిద్దండి. అదే మీనంలో శనితో కూర్చున్న శుక్రుడిని చూడండి. శనికి సహజ మిత్రుడు, కాని ఒకే ఇల్లు, కాబట్టి సముడు. అంటే ఈ చక్రంలో శనికి బద్ధశత్రువైన రవి, ప్రాణమిత్రుడైన శుక్రుడు ఒకే మెట్టు మీద నిలబడ్డారు. పేర్లు చూసి ఫలితం చెప్పేవారు ఇక్కడే పూర్తిగా తప్పిపోతారు.

సముడు అంటే ఏమిటని అడగవచ్చు. అడ్డుపడడు, ముందుకు నెట్టడు. అతడి దశ వచ్చినప్పుడు ఫలితం జాతకుడి సొంత ప్రయత్నం మీద ఎక్కువగా నిలుస్తుందని నా గురువుగారు చెప్పేవారు. నేను అదే పాటిస్తాను.

కుజుడిని మరచిపోవద్దు. శనికి కుజుడు సహజ శత్రువు, మీనం నుంచి కర్కాటకం ఐదో ఇల్లు, అదీ శత్రు స్థానమే. కనుక శని వైపు నుంచి అధిశత్రుత్వం. ఇప్పుడు కుజుడి వైపు నుంచి చూడండి. కుజుడికి శని సహజంగా సముడు మాత్రమే. కర్కాటకం నుంచి మీనం తొమ్మిదో ఇల్లు, తాత్కాలిక శత్రువు. మొత్తం మీద శత్రువు. ఒకరి మనసులో ఉన్నంత కక్ష రెండోవారి మనసులో లేదు. ఎప్పుడూ రెండు వైపుల నుంచీ లెక్క కట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ మన ప్రాంతంవారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. మన తెలుగు చక్రంలో మేషం పైవరుసలో ఎడమ నుంచి రెండో గడి, రాశులు ప్రదక్షిణంగా నడుస్తాయి. ఒడియా చక్రంలో మేషం పైన నడిమి గడి, రాశులు అప్రదక్షిణంగా నడుస్తాయి. సరిహద్దులోని చాలా తెలుగు కుటుంబాల్లో పిల్లల జాతకాలు ఒడియా జ్యోతిష్కులు రాసినవే ఉంటాయి. నేను నేర్చుకునే రోజుల్లో 1999లో పుట్టిన ఒక అబ్బాయి జాతకం తెచ్చారు. పై గడిలో శని ఉన్నాడు. అలవాటు కొద్దీ కుడివైపుకు లెక్కపెట్టి, చంద్రుడు మిథునంలో ఉన్నాడు, మేషంలోని నీచ శని మూడో చూపు (తానున్న రాశి నుంచి మూడో రాశి మీద పడే దృష్టి) అతడి మీద పడుతోంది, పిల్లవాడి మనసుకు కష్టం అని చెప్పేశాను. ఆ తల్లి ముఖం పాలిపోయింది. గురువుగారు కాగితం తీసుకుని ఒక్క ప్రశ్న అడిగారు. “నక్షత్రం శతభిషం అని రాసి ఉంది కదా, చంద్రుడు మిథునంలో ఎలా ఉంటాడు?” శతభిషం కుంభ రాశి నక్షత్రం. చంద్రుడు కుంభంలోనే ఉన్నాడు, మేషంలోని శని చూపు అక్కడ పడనే పడదు. ఆ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆనాటి నుంచి ఏ చక్రం చేతికి వచ్చినా ముందు జన్మనక్షత్రంతో చంద్రుడిని సరిచూసుకున్నాకే మరో గ్రహం వైపు వెళతాను. మీరూ అలాగే చేయండి.

ఈ పొరపాటును తర్వాత ఎన్నోసార్లు తిరగేసి చూశాను. దిక్కు తప్పి లెక్కపెడితే రెండు పన్నెండవుతుంది, మూడు పదకొండు, నాలుగు పది. ఈ ఆరూ మిత్ర స్థానాలే! కాబట్టి తాత్కాలిక మైత్రి ఎటు లెక్కపెట్టినా చెడదు. గురువు ప్రత్యేక దృష్టులు ఐదు, తొమ్మిది ఒకదాని చోట ఒకటి వస్తాయి, అవీ చెడవు. చెడిపోయేది శని మూడు, పది చూపులు, కుజుడి నాలుగు, ఎనిమిది చూపులు. ఒడియా చక్రం చదువుతున్నప్పుడు ఈ రెండు గ్రహాల దగ్గర రెండుసార్లు సరిచూడండి.

ఇక రాహువు. పైన చెప్పిన లెక్క ఏడు గ్రహాలకే. రాహువు ఛాయాగ్రహం (కంటికి కనిపించే గోళం కాదు, లెక్కలో వచ్చే బిందువు), అతడిని ఉన్న ఇంటి యజమాని ద్వారా చదువుతాము. పాతదాన్ని పట్టుకుని నెమ్మదిగా నడిచేది శని, ఒక్కో రాశిలో రెండున్నర ఏళ్ళు. కొత్తదానికీ పరాయిదానికీ కారకుడు రాహువు, వెనక్కి నడుస్తూ ఒక్కో రాశిలో ఏడాదిన్నర. ఎదురెదురుగా నడిచే ఈ ఇద్దరూ పదకొండేళ్ళకు కాస్త అటూ ఇటూగా ఒకసారి కలుస్తారు. మన చక్రంలో మీనంలో కలిశారు. ‘శనివత్ రాహు’ (రాహువు శనిలాంటివాడు) అన్నమాట విని, ఇద్దరూ ఒకటే కాబట్టి చెడు రెట్టింపు అని తేల్చేయవద్దు. ఇంటి యజమాని గురువు ఎక్కడున్నాడో వెతకండి. వృషభంలో, శుక్రుడి ఇంట్లో. శుక్రుడు ఎక్కడ? మీనంలో, గురువు ఇంట్లో, అదీ ఉచ్చలో. దేవతల గురువు, అసురుల గురువు ఇళ్ళు మార్చుకున్నారు. దీన్ని పరివర్తన అంటారు. గురువుకు శుక్రుడు సహజ శత్రువు, కాని పదకొండో ఇంట ఉన్నాడు కనుక సముడు. శుక్రుడికి గురువు సహజ సముడు, మూడో ఇంట ఉన్నాడు కనుక మిత్రుడు. పాత, కొత్త కలిసి కూర్చున్న ఆ ఇంటి తాళాలు ఒకరి మాట ఒకరు వినగల ఇద్దరు ఆచార్యుల చేతిలో ఉన్నాయి. నేనైతే ఈ శని రాహువుల కలయికను, పాత పద్ధతిని కూల్చకుండా లోపల సరిదిద్దే శక్తిగా చదువుతాను.

అలాంటి మనిషిని చూడాలంటే ఒడిశాలోనే ఉన్నాడు. ఖండపడాలో 1835లో పుట్టిన సామంత చంద్రశేఖరుడు, ప్రజల నోట పఠానీ సామంత. దుర్భిణి లేకుండా, వెదురుతో చేసుకున్న సాధనాలతో రాత్రుల తరబడి ఆకాశం కొలిచాడు. పాత సిద్ధాంతాల అంకెలు గ్రహాల అసలు స్థానాలతో కలవడం లేదని గమనించి అంకెలను దిద్దాడు. దిద్దిన ఫలితాన్ని మాత్రం పూర్వుల దారిలోనే సంస్కృత శ్లోకాల్లో రాశాడు. ఆ సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. గ్రహస్థితి తప్పుగా ఉంటే మనం కట్టే మైత్రులన్నీ వృథా. చక్రం వేసే ముందు ఆ వెదురు సాధనాలు నాకు గుర్తుకొస్తాయి.

వచ్చే పాఠానికి అభ్యాసం. 2020 డిసెంబరు 21 సాయంత్రం గురువు, శని పడమటి ఆకాశంలో దాదాపు అంటుకున్నట్టు కనిపించారు. మీలో కొందరు మేడ మీదకు వెళ్ళి చూసే ఉంటారు. ఆ రోజు గురు శనులు మకరంలో, రవి ధనుస్సులో, కుజుడు మీనంలో ఉన్నారు. గురు శనుల మైత్రి రెండు వైపుల నుంచీ కట్టండి. తర్వాత రవి శనులది, ఆపైన కుజ శనులది. మకరం శనికి స్వక్షేత్రం, గురువుకు నీచ. మైత్రిలో వచ్చిన జవాబు, ఈ బలాబలాలు ఒకదానికొకటి ఎక్కడ సరిపోతాయో, ఎక్కడ సరిపోవో కాగితం మీద రాసి ఉంచండి. పదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.