వానలు పడకముందే బుష్‌లు మార్పిద్దాం అనుకుంటున్నారా, ముందు ఇది చదవండి

వానాకాలంలో గుంత ఎంత లోతుందో నీళ్ళ కింద కనపడదు, అప్పటికే పగుళ్ళొచ్చిన బుష్, అంటే చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ చివర ఉండే రబ్బరు దిమ్మ, సరిగ్గా అక్కడే చచ్చిపోతుంది, కాబట్టి జూన్ రాకముందే కింద పనంతా చేయించుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. నేను చెప్పేది బీఎండబ్ల్యూ ఈ90 గురించి, అదే 2007లో చెన్నై ప్లాంట్ మొదలయ్యాక ఇక్కడే అసెంబుల్ అయి వచ్చిన 3 సిరీస్. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు రేటుకే దొరుకుతోంది, కొన్నవాళ్ళు బోలెడంతమంది, కింద దూరి చూసుకున్నవాళ్ళే తక్కువ.

నాది అందులోనే డీజిల్ బండి, 320డీ. ఔటర్ మీద 100లో వెళ్తూ బ్రేక్ తొక్కితే స్పీడు 80కి దిగేలోపు స్టీరింగ్ చేతుల్లో గజగజా వణికేది. మెకానిక్ చూసి "డిస్కులు వంకరపోయినయ్ సార్" అన్నాడు, సరే అని డిస్కులు, ప్యాడ్లు రెండూ కొత్తవి వేయించా, బిల్లు కట్టి ఇంటికొస్తుంటే దార్లోనే మళ్ళీ అదే వణుకు. తర్వాత నేనే టార్చ్ పట్టుకుని కింద చూస్తే అసలు సంగతి తెలిసింది. ఈ బండికి ముందు ఒక్కో చక్రానికి కింద దాన్ని బండికి కలిపే రెండు అల్యూమినియం ఆర్మ్‌లుంటాయి, ఒకటి అడ్డంగా, ఇంకోటి ముందుకి ఏటవాలుగా. ఆ ఏటవాలు దాన్ని టెన్షన్ స్ట్రట్ అంటారు, బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి జరక్కుండా పట్టుకునేది అదే. దాని బుష్ లోపల ద్రవం ఉంటుంది, అది కారిపోయాక ఆ రబ్బరు ఉన్నా లేనట్టే. నా బండికి ఆ బుష్ చుట్టూ నల్లగా, జిడ్డుగా, దుమ్ము పేరుకుని మరక ఉంది. డిస్కులకి పెట్టిన డబ్బులు బూడిదలో పోసిన పన్నీరు. కాబట్టి మొదటి జాగ్రత్త, ఏది పోయిందో కళ్ళతో చూడకుండా పార్ట్స్ ఆర్డర్ పెట్టకండి, ప్రై బార్ అనే పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి ఎత్తి చూస్తే ఏ బుష్ ఎంత ఆడుతుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక అప్‌గ్రేడ్ అనగానే అందరూ రబ్బరు బదులు పాలీయూరిథేన్ బుష్‌లు అంటారు, అదో గట్టి ప్లాస్టిక్ లాంటిది. నేనైతే ఊళ్ళో తిరిగే బండికి వద్దనే చెప్తా. పాలీ గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ సూటిగా తగుల్తుంది నిజమే, కానీ మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు మీకు వెన్నులో తెలుస్తాయి, పైగా దానికి గ్రీజ్ ఆరిపోతే పాత తలుపులా కిర్రుమంటుంది. ఈ90కి కంపెనీ నుంచే చాలావరకు రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంతదూరం నడిచేవి, వచ్చాయి, వాటి సైడ్‌వాల్ అసలే గట్టి, దాని మీద పాలీ కూడా వేస్తే బండి కాదు బండరాయి. ముందు మామూలు టైర్లకి మారి చూడండి, కాకపోతే డిక్కీలో స్టెప్నీనో పంక్చర్ కిట్టో పెట్టుకోవాలి. చాలామంది ఇదే 3 సిరీస్‌లో స్పోర్ట్స్ మోడల్ అయిన ఎం3 ముందు ఆర్మ్‌లు వేయిస్తారు, వాటి టెన్షన్ స్ట్రట్‌లో ద్రవం బుష్ ఉండదు, మామూలు గట్టి రబ్బరే, కాబట్టి లీక్ గొడవ లేదు. అయితే నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం, పెరుగుతుంది, అలైన్‌మెంట్ పట్టించుకోకపోతే టైర్ లోపలి అంచు అరిగి తీగలు తేలేదాకా మీకు కనపడదు. పాలీ వేస్తే కిట్‌లో ఇచ్చిన గ్రీజే రాయండి. రబ్బరుకి గ్రీజ్, ఆయిల్ ఏదీ తగలనివ్వకండి, ఎక్కించేటప్పుడు సబ్బునీళ్ళు చాలు.

ఉత్త బుష్ కొని పాత ఆర్మ్‌లో ప్రెస్ చేయించడం చవకే గానీ అందులో తిప్పలున్నాయి. లేత్ షాపుకి తీసుకెళ్తే వాళ్ళు మంట పెట్టి పాత బుష్ కాల్చేస్తామంటారు, ఒప్పుకోకండి, ఆర్మ్ అల్యూమినియం, లోపల ద్రవం, ఆ పొగ పీల్చేది మీరే. సుత్తితో కొట్టినా ఆర్మ్ వంగుతుంది. హైడ్రాలిక్ ప్రెస్సే వాడాలి, ద్రవం బుష్‌కి ఏ వైపు ఏదో గుర్తుంటుంది, పాతది తీసేముందే ఫోటో తీసి పెట్టుకోండి. నన్నడిగితే మొత్తం ఆర్మే కొనేయండి, ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ కూడా కొత్తదొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. బండి జాకీ మీద గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు ఫైనల్‌గా బిగించొద్దు. బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి, అంటే స్లీవ్‌కి, అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగించగానే ఆ స్లీవ్ సబ్‌ఫ్రేమ్‌కి, అంటే ఆర్మ్‌లు తగిలించే కింది ఫ్రేమ్‌కి, లాక్ అయిపోతుంది, ఇక ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలితిరగాలి. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు లాక్ చేశారనుకోండి, బండి కిందికి దింపగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, పార్కింగ్‌లో ఆగి ఉన్నా కూడా. దాని మీద గుంతలు, బ్రేకర్లు. కొత్త బుష్ కొన్ని నెలలకే చిరిగితే "డూప్లికేట్ పార్ట్" అని తిట్టుకుంటాం. నేను మా మెకానిక్‌కి "అన్నా, బండి వెయిట్ చక్రాల మీద ఉన్నప్పుడు టైట్ చేద్దాం" అంటే "గట్ల ఏం గాదు సార్, ఎప్పట్నుంచో ఇట్లనే చేస్తున్నం" అన్నాడు. గొడవ పడలేదు, టేప్ తీశా. పని మొదలుపెట్టకముందే బండి నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు దాకా కొలిచి పెట్టుకున్నా, నాకు 36 సెంటీమీటర్లు వచ్చింది, మీది మీరు కొలుచుకోండి. ఆర్మ్‌లు ఎక్కించి బోల్టులు వదులుగా పెట్టి, చక్రం దగ్గర ఇంకో జాకీ పెట్టి హబ్‌ని (చక్రం బిగించే మధ్య భాగాన్ని) సరిగ్గా అదే కొలతకి లేపి, అప్పుడు బిగించాం. పది నిమిషాల పని.

జాకీ సంగతి కూడా చెప్పాలి. ఈ90 కింద నాలుగు మూలలా ప్లాస్టిక్ జాక్ ప్యాడ్లుంటాయి, పాత బండ్లకి ఒకటో రెండో విరిగిపోయి ఉంటాయి, అవి ముందు వేయించుకోండి. ఉత్త జాకీ నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి ఇటుకలో చెక్కలో అడ్డం పెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే దూరాలి. వాన తడిసిన మట్టి నేల మీదైతే అసలు మొదలుపెట్టకండి, స్టాండ్ కాళ్ళు మెల్లగా దిగబడతాయి.

సబ్‌ఫ్రేమ్ కింద ఒక ప్లేటుంటుంది, చూస్తే ఏదో మట్టి పడకుండా పెట్టిన కవర్‌లా ఉంటుంది గానీ అది బండి గట్టిదనం కోసం పెట్టింది. తీయాల్సి వస్తే మళ్ళీ పూర్తిగా బిగించేదాకా బండి రోడ్డెక్కించొద్దు, "రేపు పెడదాం, టెస్ట్ డ్రైవ్ పోయొద్దాం" అంటే ఒప్పుకోకండి. దాని బోల్టులు, ఆర్మ్‌ల లాకింగ్ నట్లు కొత్తవే వాడాలి. కొన్నిటికి చెప్పిన టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) దాకా బిగించాక ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఉంటుంది, మాన్యువల్ చూసి చేయండి. జెనాన్ లైట్ల బండికి ఆర్మ్ దగ్గర లైట్ ఎత్తు చూసే సెన్సర్ లింక్ చిన్నది ఉంటుంది, దాన్ని లాగి తెంపకండి. చక్రాల బోల్టులకి టార్క్ 120 న్యూటన్ మీటర్లు, ఎయిర్ గన్‌తో కొట్టి వదిలేయడం కాదు.

అంతా అయ్యాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. బీఎండబ్ల్యూ లెక్క ప్రకారం ఖాళీ బండికి చేయకూడదు, ఫుల్ ట్యాంక్, ముందు రెండు సీట్లలో 68 కిలోల చొప్పున, వెనక మధ్యలో ఇంకో 68, డిక్కీలో 21 కిలోలు. నేను 25 కిలోల బియ్యం బస్తాలు వేసుకుని వెళ్తే షాపులో అందరూ చుట్టూ చేరి నవ్వారు. ఆ రోజే ప్రతి బోల్టు తల మీంచి ఫ్రేమ్ మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కింద చూడండి, గీత ఎక్కడైనా విడిపోయి కనపడితే ఆ బోల్టు కదిలినట్టే, దాన్ని మళ్ళీ అదే ఎత్తులో బిగించాలి.