ఎన్నికల వేడిలో అయినవాళ్లతో మాట చెడకుండా ఎలా ఉండాలి?

2024లో మన ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న జరిగింది. మరుసటి రోజే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర, ఈవీఎంలు భద్రపరిచిన చోట, చంద్రగిరి అభ్యర్థి ఒకరిపై దాడి జరిగింది. రాష్ట్రంలో ఇంకొన్ని చోట్లా గొడవలు రేగాయి. ఎన్నికల సంఘం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయించింది. ఫలితాలొచ్చాక కూడా 15 రోజులపాటు 25 కంపెనీల కేంద్ర బలగాలను ఇక్కడే ఉంచమంది. బలగాలు వీధిలో కాపలా కాస్తాయి గానీ, టీ అంగడి దగ్గరా పెళ్లి భోజనాల బంతిలోనూ మాట తూలకుండా చూసుకోవాల్సింది మనమే.

రాజకీయాలు మాట్లాడకుంటే సరిపోతుంది కదా అంటారు చాలామంది. నేనొప్పుకోను. నీళ్లు, పాల ధర, పిల్లల ఫీజులు... ఇవి ఎన్నికలప్పుడు కాక ఇంకెప్పుడు అడుగుతాం? మాట్లాడాలి. ఎలా మాట్లాడాలన్నదే అసలు సంగతి.

1. మనిషిని వదిలి పనిని పట్టుకోండి

"మీ నాయకుడు దొంగ" అన్నారంటే అవతలివాళ్లకు మిగిలేది "మీవాడేం తక్కువ?" అనడమే. చూసి తేల్చుకోగల విషయం ఎత్తండి. 2025లో చిత్తూరు వైపు తోతాపురి మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించారు. తోట ఉన్న చిన్నాయనతో వాదించే బదులు "చిన్నాయనా, నీకు కిలోకు ఎంత పడింది? ఆ నాలుగు రూపాయలు ఎప్పుడొచ్చాయి?" అని అడగండి. జవాబు మీ పార్టీకి నచ్చకపోవచ్చు, ఆయన పార్టీకీ నచ్చకపోవచ్చు. అయినా పూర్తిగా వినండి. ఆయన లెక్క మీకు తెలియనిది.

ఎన్నికల కోడ్ కూడా పార్టీలకు ఇదే చెబుతుంది: విమర్శ విధానాల మీద, చేసిన పని మీద ఉండాలి. సొంత జీవితం జోలికి పోకూడదు, కులం, మతం పేరుతో ఓటు అడగకూడదు. పార్టీలు ఎంతవరకు పాటిస్తున్నాయో మనం చూస్తూనే ఉన్నాం. మన ఇంట్లో పాటించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2. ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు ఆగండి

కుటుంబం గ్రూపులో మేనమామ పాత వీడియో ఒకటి కొత్తదిగా పెట్టాడనుకోండి. అందరి ముందూ తప్పు పడితే ఆయన పరువు కోసమైనా మొండికేస్తాడు. విడిగా ఫోన్ చేసి "మామా, ఆ వీడియో ఎక్కడిదో చూశావా? పాతదిలా ఉంది" అనండి. తీసేసే అవకాశం ఆయనకే ఇవ్వండి. ఒక కులాన్నో మతాన్నో తిట్టే పోస్టు వస్తే ఖండించడానికి కూడా ముందుకు పంపకండి. దాని ప్రయాణం మీ దగ్గర ఆగితే చాలు.

తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ మనసులో పెట్టుకోరు. అది అమ్మవారి మొక్కు, జాతరతోనే పోతుంది. ఎన్నికల్లో తిట్టిన తిట్టు అట్లా పోదు. స్క్రీన్‌షాట్‌లో నిలిచి, రెండేళ్ల తర్వాత పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు బయటికొస్తుంది.

3. ఎవరి ఓటు వాళ్లదే

"ఎవరికి వేశావు?" అని భార్యను, కోడలిని, పొలంలో పనిచేసేవాళ్లను అడగొద్దు. రహస్య ఓటు వాళ్ల హక్కు. అలాగే అద్దెకున్నవాళ్ల గుమ్మానికో, పక్కింటి గోడకో అడక్కుండా జెండా కట్టొద్దు.

4. మాట ముదిరితే

గొంతు పెరుగుతోందని తెలిసిన క్షణంలోనే "అన్నా, నువ్వు చెప్పింది విన్నాను. నాకు నచ్చలేదు. రేపు మళ్లీ మాట్లాడుకుందాం" అని లేవండి. గెలిచాకే లేస్తానని కూర్చోకండి.

బెదిరింపు, డబ్బు పంపకం, దాడి లాంటివి వేరే సంగతి. అక్కడ మర్యాద పేరుతో ఊరుకోకూడదు. కోడ్ ఉల్లంఘన కనిపిస్తే ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఫొటో లేదా వీడియో పెట్టండి, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం. ప్రాణభయం ఉంటే 112కు ఫోన్ చేయండి. ఆ వీడియోను స్టేటస్‌లో పెట్టి మంట పెంచకండి.

5. పోలింగ్ అయ్యాక మరింత జాగ్రత్త

ప్రచారం ముగిసింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకునే రోజులివి. కానీ నా లెక్కలో అసలు గండం ఇక్కడే ఉంది. 2024లో ఫలితాలు జూన్ 4న, అంటే 22 రోజులకు వచ్చాయి. 2019లో ఏప్రిల్ 11 నుంచి మే 23 దాకా 42 రోజులు ఆగాం. చేయడానికి పనేమీ లేదు, టెన్షన్ మాత్రం నిండుగా ఉంటుంది. పందేలు మొదలయ్యేది అప్పుడే. పందెం కాశాక అది అభిప్రాయం కాదు, అప్పు. వెయ్యి రూపాయలదైనా వద్దని చెప్పండి, స్నేహితుడు అడిగినా సరే.

6. ఫలితం రోజు, ఆ తర్వాత

ఓడినవాళ్ల ఇంటి ముందు టపాసులు కాల్చొద్దు, బైకు ర్యాలీ చేయొద్దు. గెలిచింది మీవాళ్లైతే ముందు మీరే ఫోన్ చేయండి, ఎన్నికల ఊసెత్తకుండా పిల్లల చదువు గురించో వర్షం గురించో మాట్లాడండి. ఓడితే ఆ ఫోన్ ఎత్తండి. వీధి కాలువ, వీధి దీపం సంగతి ఎలాగూ మిగిలే ఉంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తారు కదా, రెండు పార్టీల వాళ్లూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి కలిసి వెళ్లండి.